నాయన మగ్గం ఆపితే

నిన్న ధర్మవరంలో మగ్గం చప్పుడు వినగానే కాళ్లు ఆగిపోయాయి. మగ్గమున్న ఇళ్లలో పెరిగినవాళ్లారా, ఆ చప్పుడులో పక్కనున్న మనిషి మాటైనా వినపడేదా మనకు?

ఎనభైల్లో, ఎనిమిదో తరగతిలో మా ఇంగ్లీషు సారు ‘ఎంకరేజ్’కి అర్థం చెప్పి, సొంతంగా ఉదాహరణ ఇవ్వమన్నారు. అందరూ గైడులో ఉన్నదే అప్పజెప్పారు. నేను పాఠం చదివితే, తనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా మా నాయన మగ్గం ఆపి వింటాడని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. క్లాసంతా నవ్వింది. సారు మాత్రం సుద్దముక్క నా చేతికిచ్చారు.

“ఇంతకు మించిన అర్థం డిక్షనరీలో ల్యాదమ్మా. బోర్డు మీద రాయి.”

ఇంటికొచ్చి చెప్పగానే నాయన మగ్గం ఆపాడు.

“ఆ ఇంగ్లీషు మాట గట్టిగా సదువు పాపా! వీధంతా ఇనాల!”

చదివాను. ఆ సాయంత్రం మా వీధిలో మూడు మగ్గాలు ఆగాయి.