మా గిత్త మెడలోని పతకం

మా తాతగారి గిత్తలు బండలాగుడు పోటీల్లో గెలిచిన పతకమని ఇంట్లో అందరం గొప్పగా చెప్పుకునేది ఒకటి, పాత మువ్వల పట్టెడకు కుట్టి ఉండేది. కిందటేడు మిరపకాయల కొట్టు సర్దుతూ దాన్ని చింతపండుతో తోమితే, వెనక ఇంగ్లీషులో ఒక నంబరు, షేక్ మస్తాన్ అనే పేరు బయటపడ్డాయి.

మిలటరీలో చేసి వచ్చిన పక్కింటాయన చూసి, "ఇది బర్మా యుద్ధంలో పనిచేసిన సిపాయికి ఇచ్చిందమ్మా" అన్నారు.

"మనవాళ్లు కాజేశారని ఊరంతా అనుకోవాలా? పెట్టెలో పడెయ్!" అని అన్నయ్య కేకలేశాడు. ఆ మనిషెవరో తేలేదాకా వదలనన్నాను. సెలవు దొరికినప్పుడల్లా చుట్టుపక్కల ఊళ్లు తిరిగి అడగ్గా అడగ్గా, చివరికి ఆయన కూతురు వేటపాలెంలో ఉందని తెలిసింది.

ఎనభై దాటిన ఆ మామ్మ ముందు పతకం పెట్టి, "ఇది మా ఎద్దు మెడకి ఉండేదండీ" అన్నాను. ఇంటిల్లిపాదీ నన్నే చూస్తున్నారు.

ఆమె పకపకా నవ్వింది. "మా నాయనే కట్టాడమ్మాయ్! మీ తాత గిత్తల్ని సాకింది ఆయనేగా. బర్మాలో కాలికి తుపాకీ గుండు తగిలితే, కంచరగాడిదే కొండలు దాటించి మోసుకొచ్చిందంట. 'ఇది దక్కాల్సింది పశువుకే, నాక్కాదు' అనేవాడు."

నా ప్రాణం కుదుటపడింది. ఆమె పతకాన్ని కళ్లకద్దుకుని, తిరిగి నా చేతిలో పెట్టబోతూ ఆగింది.

"గిత్తలున్నాయా ఇంకా?"

"లేవండీ. ఇప్పుడు ట్రాక్టరే."

"అయితే నా దగ్గరే ఉండనీ" అని కొంగున ముడేసుకుంది.