ప్రశ్నలు రాసేవాడి పరీక్ష

బైబిలు వాక్యం మనసులో ఇంకాలని, ఆదివారం ఆరాధనకు ముందు జవాబు రాయాల్సినవి మూడు, తర్వాత రాయాల్సినవి మూడు ప్రశ్నలు తయారుచేసి ఏడాదిగా మా సంఘంలో పంచుతున్నాను. అందరూ ఆ కాగితాలతో విసురుకునేవాళ్లే. ఆ గాలికి చర్చి పైకప్పు లేచి రాంనగర్‌లో పడుతుందని నా భయం.

ఒక ఆదివారం మిగిలిన కట్ట పట్టుకుని, ముఖం మాడ్చుకుని నారాయణగూడలో బస్సెక్కాను. పక్క సీట్లో ఒకామె, ఒళ్లో మూరెడెత్తు గ్రూప్స్ పుస్తకాలు.

"ఏం పరీక్షన్నా ఇది?" అంటూ ఒక కాగితం తీసుకుంది. మొదటి ప్రశ్న పైకే చదివింది. "ఈ వారం మీరు ఎవరిని క్షమించాలి?"

చిక్కడపల్లి దాకా ఆలోచించి, పెన్ను తీసి ఒక పేరు రాసి, చేత్తో మూసింది. ఏడాదిలో నేను చూసిన మొదటి జవాబు అదే.

"మీరెవరి పేరు రాసిండ్రు?"

"నేను ప్రశ్నలు తయారుచేసేవాణ్ణమ్మా."

"అయితే మీకు పరీక్ష లేదా?" అని, కాగితం పుస్తకంలో పెట్టుకుని అశోక్‌నగర్‌లో దిగిపోయింది.

ఇప్పుడు ప్రతి శనివారం ఆ మొదటి ప్రశ్న ముందు కూర్చుంటాను. రాయాల్సింది మా తమ్ముడి పేరు. మూడే అక్షరాలు. పెన్ను మాత్రం రోడ్డురోలరంత బరువైపోతుంది.