బర్మా తలుపు, పనస దూలం

మొన్న మా అబ్బాయితో కలిసి రాజాంలో కలప అడితికి వెళ్లాను. ఊళ్లో పాత ఇల్లు విప్పేసి, దాని బర్మా టేకు తలుపుని రాజాంలో కట్టబోయే కొత్త ఇంటికి సింహద్వారంగా పెట్టాలని వాడి కోరిక. తక్కిన గుమ్మాలకు కర్ర చూద్దామని వెళ్లాం. అసలైన బర్మా టేకు ఇప్పుడు గగనమైపోయిందనీ, ఏవేవో దేశాల టేకు తెచ్చి సర్దుకుంటున్నామనీ అడితి ఆసామి నిట్టూర్చి, మేము లేచి వస్తూంటే మరో మాట అడిగాడు. "ఉద్దానం తోటల్లో పనస మాను ఉంటే సెప్పండి బాబూ, తుపానుకి సెట్లన్నీ కూలిపోయిన కాడ్నించి పనసకర్ర దొరకడం నేదు." మా పాత ఇంటి దూలం పనసదే, మీకే ఇస్తామని మా అబ్బాయి అప్పటికప్పుడే మాట ఇచ్చేశాడు. ఊరికి తిరిగి వచ్చాక తలెత్తి ఆ దూలాన్ని చూశాను.

నా ఈడువారికి గుర్తుండే ఉంటుంది, మన వైపు ఒకప్పుడు ఇంటికొకరు రంగం, అంటే రంగూన్, పోయేవారు. నాన్న అక్కడ రంపం మిల్లులో టేకు దుంగలు కోసేవాడు. అక్కడ పొయ్యిలోకి కూడా టేకు ముక్కలేనట, ఇక్కడేమో ఆ టేకు బంగారంతో సమానం. మన పనసకర్రని మాత్రం అప్పట్లో మంచం కోళ్లకో గరిటెలకో తప్ప అడిగే నాథుడు లేడు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు.

నాన్న ఆఖరుసారి ఓడలో వస్తూ తన కష్టార్జితమంతా పోసి, ద్వారబంధంతో సహా ఒక జత తలుపులు తెచ్చాడు. కొలతలేమో దొరల బంగళావి, మాదేమో వంగి దూరవలసిన తాటాకు ఇల్లు. కింద కాస్త కోసేద్దామని వడ్రంగి అంటే ఒప్పుకోక, గోడలు లేపి ఇంటినే తలుపు ఎత్తుకి తెచ్చాడు. 'తలుపుకి ఇల్లు కట్టినోడు' అని ఊరంతా చాలాకాలం నవ్వుకుంది. ఎత్తు పెరిగిన కప్పుకి కొత్త దూలం కావలసి వచ్చింది, చేతిలో చిల్లిగవ్వ లేదు, దాంతో పెరట్లో పనసచెట్టు కొట్టించాడు.

ఆ చెట్టు అమ్మది. కాపురానికి వస్తూ కన్నవారింటి నుంచి కొంగున ముడేసి తెచ్చిన గింజ అది. నాన్న రంగంలో ఉండగా, అక్కణ్ణించి డబ్బేమీ అందని రోజుల్లో, పనసపొట్టు కూరతోనూ నిప్పుల్లో కాల్చిన గింజలతోనూ మా కడుపులు నింపింది ఆ చెట్టే. నిండు కాపు మీద ఉన్నదాన్ని నరుకుతూంటే అమ్మ ఆవుని విప్పుకుని పొలం వైపు వెళ్లిపోయింది. పిల్లలం మేము కొత్త తలుపు గడియ వేసి తీసి ఆడుకుంటూ అటుకేసి చూడనైనా లేదు.

ఆ తర్వాత మాది 'బర్మా ఇల్లు' అయిపోయింది. వచ్చినవాళ్లంతా తలుపుని నిమిరి చూసేవారు. అమ్మ మాత్రం పెరటి గుమ్మంలోంచే వచ్చేది, పోయేది. ఎందుకమ్మా అంటే, "పేడ సేతుల్తోటి అది ముట్టుకుంతే మీ నాన్నకి కోపం వస్తాది, నాకీ దారే సులువు" అనేది. నిజమే కాబోలు అనుకున్నాను. పెద్దవాణ్ణయి, పిల్లలు పుట్టాక కూడా అలాగే అనుకున్నాను. ఒక పనసమొక్క తెచ్చి పాతుదామని నాకు ఎన్నడూ తోచలేదు. చివరికి ఆమెను ఆ సింహద్వారంలోంచి బయటికి తెచ్చింది పాడె మీదే, మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పుడు కూడా తట్టలేదు. ఎవరో బేరానికి పనసకర్ర అడిగితే గాని అమ్మ మనసు తెలియలేదంటే, కొడుకునని చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

నాన్న మీద కోపం లేదు. ఆయన అక్కడ ఏం తిని, ఏం దాచి ఆ తలుపు తెచ్చాడో అదీ మేము అడగలేదు. అందుకే తలుపు పెట్టుకోమన్నాను. దూలం మాత్రం అడితికి ఇవ్వవద్దని, దాన్ని కోయించి పెరటి గుమ్మం చేయిద్దామని అబ్బాయితో అన్నాను.

వాడు కాదనలేదు. కొత్త ఇంటి ప్లాను తెచ్చి నా ముందు పరిచి, మూడు వైపులా పక్కవాళ్ల గోడలే నాన్నా, పెరడు ఎక్కడుంది అన్నాడు. చాలాసేపు ఆ కాగితంలోనే వెతికాను. రాకపోకలన్నిటికీ ఆ బర్మా తలుపు ఒక్కటే దారి.