కండక్టరు ప్యాసింజరైన రోజు

ఆ గురువారం పొద్దున ఆరూ పదికి జనగామలో బస్సెక్కి, పన్నెండేళ్ల తర్వాత కిటికీ పక్క సీట్లో కూర్చున్నాను. నేను కండక్టర్ని. రోజూ హన్మకొండ–జనగామ మధ్య తిరుగుతాను, అదీ నిలబడే. ఆ రోజు సెలవు పెట్టి కాటారం బయలుదేరాను. అక్కడ మా అక్కకు చీరల దుకాణం ఉంది. "నౌకరి ఇడిషిపెట్టి నా దగ్గరికి రా. దుకాణం సూసి, రాత్రి ఏడింటి లోపల సంగతి చెప్పు. లేకుంటె ఇంకొకల్లను పెట్టుకుంట" అంది.

నాకూ మానేయాలనే ఉంది. ఆడవాళ్లకు టికెట్ ఉచితమైనప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే సందు లేదు. "ఆధార్ కార్డు చూపించండ్రి" అని అరిచి అరిచి సాయంత్రానికి గొంతు బొంగురుపోతుంది. మొన్న ఒకామె ఫోన్లో మసక ఫొటో చూపించింది. అసలు కార్డు అడిగితే "బస్సు నీ అయ్యదా?" అంది. ఇంటికెళ్లి ఏడ్చాను.

ఏడూ ముప్పావుకు హన్మకొండ. పూరీ తిని, చాయ్ తాగి, ఎనిమిదిన్నరకు భూపాలపల్లి బస్సెక్కాను. కార్డు చూపించి జీరో టికెట్ తీసుకున్నాను. మనకు ఇంకొకరు టికెట్ కొట్టి ఇస్తుంటే భలే దర్జాగా ఉంటుంది.

పరకాల బస్టాండులో కండక్టరమ్మాయి కంట్రోలరు దగ్గర సంతకం పెట్టించుకోవడానికి దిగింది. నేను కునుకు తీస్తున్నాను. ఎవరో దభీమని తలుపు వేశారు. ఆ చప్పుడుకు కళ్లయినా తెరవకుండా "రైట్ రైట్!" అని అరిచాను. డ్రైవర్ బండి కదిలించాడు. ఊరు దాటబోతుంటే ఒక పెద్దాయన "కండక్టరమ్మ ఏది?" అన్నాడు. బస్సాగింది. వెనకాలే ఆటోలో ఆ పిల్ల వచ్చింది, మొహం కందగడ్డలా చేసుకుని.

"ఎవలు రైట్ అన్నది?"

బస్సంతా నా వైపే చూసింది. "నేనే చెల్లె. నేను గూడ కండక్టర్నే. అలవాటుల పొరపాటు" అన్నాను, తల దించుకుని.

ఆమె ఫక్కున నవ్వింది. "లీవు పెట్టినా నీ నోరు డ్యూటీల్నే ఉన్నదక్కా!"

పదీ ముప్పావుకు భూపాలపల్లి. మీరెవరైనా ఇటు వస్తే నీళ్ల సీసా ఇక్కడే నింపుకోండి. కార్డు అసలుదే తెచ్చుకోండి, ఫొటో కాదు. పదకొండుకు ఇంకో బస్సులో బయల్దేరి, దారికి రెండువైపులా అడవి చూస్తూ పన్నెండుకల్లా కాటారం చేరాను.

అక్క చేపల పులుసుతో అన్నం పెట్టి, దుకాణంలో ఫ్యాను కింద మెత్తటి పరుపు మీద కూర్చోబెట్టింది. "గిట్ల కూసుంటె సాలు. గొంతు లేపే పని లేదు." గంటలో ఇద్దరే వచ్చారు. హాయిగా ఉంది. అవుననే చెబుదామనుకుని, ఇంటికెళ్లి ఫోన్ చేస్తానని ఒకటిన్నరకు బస్సెక్కాను.

అయిదుంబావుకు హన్మకొండలో నేను రోజూ డ్యూటీ చేసే బస్సే దొరికింది. ఆ రోజు నా బదులు ఇంకో కండక్టరన్న ఉన్నాడు. కిక్కిరిసిన జనంలో వెనక సీట్లో ఇరుక్కున్నాను.

ఆరుంబావుకు రఘునాథపల్లి. అక్కడి స్టాపులో మక్కకంకులు కాల్చి అమ్మే అవ్వ ఒకామె ఉంది. రెండేళ్ల కిందట నా బొంగురు గొంతు విన్నప్పటి నుంచి రోజూ సాయంత్రం ఒక సీసా మజ్జిగ తెచ్చి ఇస్తుంది. "టైమైతాంది అవ్వా" అని విసుక్కుంటూనే తాగేదాన్ని. బాగుందని ఒక్కనాడూ చెప్పలేదు.

అవ్వ సీసాతో తలుపు దగ్గరకు వచ్చింది. "మా బిడ్డ ఏది? పానం బాగలేదా?"

"లీవుల ఉన్నదవ్వా" అన్నాడు కండక్టరన్న.

అవ్వ మొహం చిన్నబోయింది. సీసా కొంగులో దాచుకుని వెనక్కి తిరిగింది. నేను లేచి నిలబడి, "అవ్వా! గీడున్న!" అని బస్సంతా అదిరేలా అరిచాను.

సీసా చేతులు మారుతూ నా దాకా వచ్చింది. గటగటా తాగి, కిటికీలోంచి "అవ్వా, మజ్జిగ శాన మంచిగున్నది!" అన్నాను.

"ఇయ్యాల జెప్పినవా! ఉప్పెక్కువైతాందో ఏందోనని రెండేండ్ల సంది పరేషాన్ అయితాన" అంది అవ్వ.

బస్సంతా నవ్వింది. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. కండక్టరన్న నా వైపు చూసి, "ఇగ నువ్వే చెప్పక్కా" అన్నాడు. అవ్వ పక్కకు జరిగేదాకా చూసి, కళ్లు బాగా తెరిచే "రైట్ రైట్!" అన్నాను.

జనగామ చేరేసరికి ఆరూ నలభై. అక్కకు ఫోన్ చేశాను.

"ఇంకొకల్లను సూసుకో అక్కా."

"ఏందే, ఫ్యాను గాలి సాల్లేదా?"

"గది గాదు. అవ్వ సీసా నా దగ్గర్నే ఉన్నది. రేపు ఇయ్యాలె."