కుర్చీలో కునుకు

ఆ సెలూన్‌కు ఎంత మంచి బోర్డు తగిలించినా అందరూ ‘ఐసు కొట్టు’ అనే పిలిచేవారు. కొట్టు నడిపే అతని పనికి వంక పెట్టగల మొనగాడు లేడు గానీ, పాడు వేళ్లే పరువు తీసేవి. మెడకు చల్లగా తగిలితే చాలు, కుర్చీలోని మనిషి ఉలిక్కిపడేవాడు. చలికి ఆ వేళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడి, తర్వాత నీలం తిరిగేవి. వాటిని వేడినీళ్ల మగ్గులో ముంచి, తుడుచుకుని, మళ్లీ కత్తి పట్టేవాడు.

పని నేర్పింది తండ్రే. పెద్దాయనది ఒకటే కొలత: గడ్డం గీస్తుంటే మనిషి కునుకు తీయాలి. మెడ మీద కత్తి ఉండగా నిద్రపోయాడంటే నిన్ను నమ్మినట్టే. కొడుకు కుర్చీలో మాత్రం ఆయన ఏనాడూ కన్ను మూయలేదు.

"బాగానే గీశావురా. ఆ చేతులేంట్రా, మంచుగడ్డల్లా!" అంటూ లేచిపోయేవాడు. నవ్వుతూనే అనేవాడు. కొడుక్కి గుండెల్లో కలుక్కుమనేది.

ఈ చలికాలం కుడి చూపుడువేలి కొన మీద పుండు పడింది. ఎన్ని మందులు మింగినా మానలేదు. నల్లబడితే కొన తీసేయాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ వేలు లేకపోతే కత్తి నిలవదు. అంతదాకా రాకుండా ఛాతీలో ఆపరేషన్ చేద్దామని ఆమే అంది.

"జబ్బు చేతులకైతే ఛాతీలో ఆపరేషనేంటండీ?" అని భార్య డాక్టరమ్మను నిలదీసింది.

"రక్తనాళాల్ని బిగించే నరం అక్కడుందమ్మా, వెన్నెముక పక్కన. చంక కింద చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ కత్తిరిస్తాం. జబ్బు పూర్తిగా పోతుందని మాటివ్వలేను. పుండు మానొచ్చు."

"అయితే నాదానికంటే మీదే సన్నపు కత్తి," అన్నాడతను. భయంలోనూ పనివాడి పొగరు పోలేదు.

మత్తు దిగేసరికి భార్య అతని చెయ్యి పట్టుకుని ఉంది. "అయ్యో, జ్వరమొచ్చింది!" అని నర్సును కేకేసింది. అది జ్వరం కాదు, వేళ్ల చివరిదాకా పారిన రక్తం. పెళ్లైనప్పటి నుంచీ ఆ చెయ్యి అంత వెచ్చగా ఉండటం పాపం ఆమె ఎరగదు.

పుండు మెల్లగా మానింది. ఆ నరం తెగాక అరచేతుల చెమట ఆగి వీపుకు బదిలీ అయిందని చొక్కాలు ఉతికే భార్య సణిగింది గానీ, ముఖం మాత్రం వెలిగిపోతూనే ఉంది.

కొట్టు మళ్లీ తెరిచిన పొద్దున తండ్రే మొదట వచ్చి కూర్చున్నాడు. కొడుకు నురుగు పూసి, గడ్డం కింద వేళ్లు ఆనించి, చర్మం లాగి పట్టి కత్తి నడిపాడు. పెద్దాయన ఉలిక్కిపడలేదు. ఒక చెంప పూర్తయ్యేసరికి తల పక్కకు ఒరిగింది. నోరు తెరుచుకుంది. ఆపైన గురక!

అంతలో ఒక కస్టమర్ లోపలికొచ్చి, "ఇంకెంతసేపు పడుతుందన్నా?" అన్నాడు.

కొడుకు పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"మెల్లగా మాట్లాడు. మా నాన్న నిద్రపోతున్నాడు," అని, సగం గీసిన గడ్డం ముందు కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.