మా ఇంటి మార్కులు

మా నాయన మంచివాడని ఊళ్ళో పేరు. ఇప్పటికీ ఆ పేరెత్తి నాతో మాటలు కలిపే ముసలివాళ్ళున్నారు. నేను ఊకొట్టను, కాదనను. ఆయన మంచితనం పాలేర్ల దాకా వెళ్ళింది, చుట్టాల దాకా వెళ్ళింది, దారిన పోయే సాధువుల దాకా కూడా వెళ్ళింది. నా దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

సంగం ఆనకట్ట కాలవ కింద మాకు మాగాణి ఉండేది. అన్న నాకంటే రెండేళ్ళు పెద్ద. కింది తరగతుల్లో పరీక్షలు తప్పుతూ తప్పుతూ ఆరో తరగతికల్లా నా పక్క వరసలోకి వచ్చి కూర్చున్నాడు. అసలు నన్ను ఆరో తరగతికి పంపించింది కూడా వాడి కోసమే. హైస్కూలు పక్క ఊళ్ళో ఉంది. కాలవ గట్టున నడిచి పోవాలి. దారిలో వాడు ఈతకు దిగకుండా, రేగుపొదల్లో దూరకుండా బడి దాకా తోలుకెళ్ళే మనిషి ఒకరు కావాలి. పాలేరుని పంపితే పొలంపని చెడుతుంది. నాకు చెడే పనేమీ లేదు కాబట్టి నన్ను పంపారు. "అబ్బోణ్ణి కనిపెట్టుకోనుండేదానికైనా పోనీలే" అన్నాడు నాయన.

అట్లా కాపలాకి వెళ్ళినదాన్ని చదువులో పడ్డాను. అందులోనూ లెక్కల్లో. వంట బాగా కుదిరిందా లేదా అన్నది తినేవాళ్ళ నోటిని బట్టి ఉంటుంది. లెక్క అట్లా కాదు. సరిగ్గా వస్తే ఎవరు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా వచ్చినట్టే. మా ఇంట్లో ఎవరి దయా అక్కర్లేకుండా నాది అనదగ్గది అదొక్కటే దొరికింది నాకు.

మాకు లెక్కలు చెప్పే సారే మా క్లాసు టీచరు కూడా. ఆయన మా ఊళ్ళోనే, మా గొడ్ల చావిడి పక్కనున్న రెండు గదుల ఇంట్లో ఉండేవాడు. ఆయన, భార్య, చంటిబిడ్డ. చదువు చెప్పే మనిషి దగ్గర బాడుగేందని ఇల్లు ఊరికే ఇచ్చాడు నాయన. పాలు కూడా మా గేదెవే. సారు కాఫీ తాగడు. పొద్దున్నే ఒక గ్లాసు పాలు తాగి బడికి బయలుదేరేవాడు. ఆ పాలచెంబు రోజూ తీసుకెళ్ళి ఇచ్చేది నేను. చెంబు అందుకుంటూ సారు భార్య నాతో రెండు మాటలు మాట్లాడేది. లోపలినుంచి సారు ఒక లెక్క విసిరేవాడు. ఇంటికొచ్చేలోగా నోటితోనే చేసేసి, మరునాడు పొద్దున చెంబుతో పాటు జవాబు చెప్పేదాన్ని. ఆయన బాగా చెప్పే మనిషే. ఆ మాట ఎందుకు ఎగ్గొట్టాలి?

ఎనిమిదో తరగతి పెద్ద పరీక్షలైపోయాయి. ఫలితాలు ఇంకా చెప్పలేదు. ఒకరోజు నాయన సారుని భోజనానికి పిలిచాడు. నేను మజ్జిగ పోస్తున్నాను. అన్న అప్పటికే తినేసి ఎటో జారుకున్నాడు. పిల్లల సంగతేందని నాయన అడిగితే సారు సంతోషంగానే చెప్పాడు.

"అమ్మాయికి లెక్కల్లో ఎనభై నాలుగండీ. స్కూలుకే ఫస్టు. అబ్బాయి మిగతా వాటిల్లో ఏదో గట్టెక్కాడు గానీ లెక్కల్లో పదిహేడే వచ్చాయి. ఇంకో ఏడాది ఇదే తరగతి చదవాలి."

నాయన ముద్ద కలపడం ఆపాడు. "ఆడబిడ్డ తొమ్మిదికి పోయి, మొగబిడ్డ ఎనిమిదిలోనే కూసుంటే నేను పదిమందిలో మొహం ఎట్టా చూపించేది సారూ?"

సారు ఏదో సర్దిచెప్పబోయాడు. నాయన వినలేదు. ఆయనకప్పటికే దారి దొరికింది.

"రెండూ మా ఇంటి మార్కులే గదా. పాపవి అబ్బోడికెయ్యండి, అబ్బోడివి పాపకెయ్యండి. పై కయ్యలో నీళ్ళు నిండుంటే కింద కయ్యకు మడవ తిప్పుకోమా? నీళ్ళు యాడికి పోయినాయి? మన చేలోనే గదా ఉండేది!"

సారు పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. నాయన సరదా మనిషి, ఇదీ సరదాకే అంటున్నాడనుకున్నాం.

"నవ్వులాటకు చెప్పటంలా సారూ."

సారు నవ్వు ఆపాడు. "అట్లా కుదరదండీ. ఎవరు రాసింది వాళ్ళదే" అని, మజ్జిగన్నం తినకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు. చేతులు తుడుచుకోవడానికి తుండుగుడ్డ ఇస్తూ ఆయన మొహంలోకి చూశాను. దేవుణ్ణి చూసినట్టు చూశాను. ఆ చూపు తల్చుకుంటే ఇప్పుడు నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

మరునాడు పొద్దున అమ్మ నా చేతికి చెంబు ఇవ్వలేదు.

"సారింటికి పాలొద్దంటమ్మా."

"ఏం, గేదె తన్నిందా?"

"గేదె బాగానే ఉండాది. నువ్వు పోయి వాకిలి ఊడువు."

ఆ తర్వాత నాయన ఒక్క పెద్ద మాట అనలేదు. కేకలు లేవు, బెదిరింపులు లేవు. అందుకే ఆయన్ని మంచివాడంటారు. చావిట్లో కట్టేసే ఎడ్లు సారింటి గడప ముందుకు వచ్చాయి. పేడ అక్కడే, ఈగలు అక్కడే. బావి మీది చేదతాడు పాతదైపోయిందని విప్పించాడు, కొత్తది వెయ్యలేదు. సారు భార్య చంటిదాన్ని చంకనేసుకుని బిందెతో కాలవకు పోయేది. ఊళ్ళో ఇంకెవరినైనా పాలడిగితే, ఈ పూట లేవమ్మా అనేవాళ్ళు. నాయన ఎవరికీ ఏమీ చెప్పి ఉండడు. చెప్పాల్సిన అవసరం లేదు. ఆయన ముందు నోరెత్తే ఇల్లు ఆ వీధిలో ఒక్కటీ లేదు.

ఒకరోజు ఆమె మా పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. "బిడ్డకొరకు ఒక్క గ్లాసైనా పొయ్యక్కా" అంది. అమ్మ తలొంచుకుని, "గేదె వట్టిపోయిందమ్మా" అంది. వంటింట్లో పనిమనిషి చిలుకుతున్న కవ్వం చప్పుడు మా ముగ్గురికీ వినిపిస్తూనే ఉంది. నాయన మీద నాకు కోపముంది. కానీ ఆ పూట అమ్మ మీద పుట్టింది మాత్రం అసహ్యం. నాయనకి పరువుందని చెప్పుకోవచ్చు. అమ్మకి ఏముందని ఆ అబద్ధం ఆడింది?

కొన్నాళ్ళకి ఒక పొద్దున అమ్మ నన్ను పిలిచి పాలచెంబు చేతిలో పెట్టింది. రోజూ ఇచ్చేదానికంటే పెద్ద చెంబు. మెడ దాకా పాలు, మీద మీగడ. ఆ చెంబు బరువు చేతికి తెలియగానే నాకంతా తెలిసిపోయింది.

"పోమ్మా, బిన్నాపో. పాలు చల్లారిపోతాయి" అంది అమ్మ.

వెళ్ళాను. ఎందుకు వెళ్ళావని ఇప్పటి పిల్లలు అడుగుతారు. పెద్దవాళ్ళు చెప్పిన పని చెయ్యకుండా ఉండవచ్చని అప్పటికి నాకు తెలియదు, అందుకు వెళ్ళాను. సారింటి గడప ముందు ఎడ్లు లేవు. పేడ ఎత్తేసి, నీళ్ళు చల్లి ఉంది. బావికి కొత్త తాడు వేలాడుతోంది. ఆమె నా మొహం చూడకుండా చెంబు అందుకుని లోపలికి వెళ్ళింది. సారు గోడ వైపు తిరిగి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆ పొద్దున నాకు ఏ లెక్కా విసరలేదు.

"సార్, నా మార్కులు?"

ఆయన వెంటనే ఇటు తిరగలేదు. తిరిగాక మెత్తగా చెప్పాడు. "నీకేమమ్మా, మళ్ళీ రాస్తే మళ్ళీ వస్తాయి. వాడికి రావు. ఎంత, ఒక్క ఏడాదే కదా."

ఆ మాటతో నేను ఇన్నేళ్ళుగా పోట్లాడుతూనే ఉన్నాను. వచ్చేవాళ్ళవి లాక్కోవచ్చట. రానివాళ్ళకి పంచిపెట్టవచ్చట. లోపల చంటిది గుటకలేస్తూ పాలు తాగుతోంది. ఆ బిడ్డ మీద కోపం తెచ్చుకోవడానికి చాలా ప్రయత్నం చేశాను, రాలేదు. వాళ్ళ నాన్న మీద మాత్రం ప్రయత్నం అక్కర్లేకుండానే వచ్చింది.

ఫలితాలు చెప్పే రోజు సారు ఒక్కొక్క పేరే చదివాడు. అన్న పేరు వచ్చింది. నా పేరు రాలేదు. క్లాసంతా నా వైపు తిరిగింది, ఒక్క అన్న తప్ప. ఇంటికొచ్చేసరికి నాయన వీధిలో అందరికీ బెల్లం పంచుతున్నాడు. నాకూ ఒక ముక్క ఇచ్చాడు. నువ్వు మళ్ళీ చదువుదువులే అంటూ తల నిమిరాడు.

బళ్ళు తెరిచిన రోజు నేను తల దువ్వుకుని, పుస్తకాలు పట్టుకుని అన్న వెనకాల బయలుదేరాను. నాయన పిలిచాడు.

"నువ్వు యాడికి?"

"బడికి. మళ్ళీ ఎనిమిది చదవమంటివి గదా."

"తప్పినోళ్ళకు చదువెందుకమ్మా? అబ్బోడు పెద్దోడయినాడు, వాడికింకా తోడేంది? తప్పిన ఆడపిల్లను మళ్ళా బడికి పంపిస్తే ఊళ్ళోవాళ్ళు నవ్వరా?"

ఆయన మొహంలో దొంగతనమేమీ లేదు. నన్ను తప్పించింది తానే, నేను తప్పానని నమ్మిందీ తానే. అన్నం మానేశాను, ఏడ్చాను, అరిచాను. పాలచెంబు నడివాకిట్లో దించి, సారింటికి ఇక ఛస్తే తీసుకుపోనన్నాను. ఆ ఒక్కటీ మాత్రం నెగ్గింది. మరునాటినుంచి పాలేరు తీసుకుపోయాడు. తర్వాత సారుకి నెల్లూరు బదిలీ అయ్యేదాకా ఆ ఇంటి గడప తొక్కలేదు.

తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం పట్టుకుని అన్న ఒక సాయంత్రం నా దగ్గరికి వచ్చాడు. "ఇదొక్కటి రొంత చెప్పవా" అన్నాడు. పక్కనే కూర్చుని ఆ పేజీ చూశాను. రెండు వరసల్లో అయిపోయే లెక్క.

"నా మార్కులు నీకాడనే ఉండాయిగా. వాటినే అడుగు" అన్నాను.

వాడు చాలాసేపు అక్కడే గొంతుక్కూర్చుని లేచిపోయాడు. నాకు సంతోషమేసింది. దాచుకునేదేముంది, బ్రహ్మాండంగా ఉండింది. వాడు ఎస్సెల్సీ దాకా ఎట్లాగో ఈడ్చుకెళ్ళి అక్కడ తప్పాడు. మళ్ళీ కట్టి మళ్ళీ తప్పాడు. పై కయ్యనుంచి మడవ తిప్పిన నీళ్ళు ఒక్క కారు పంటకే సరిపోయాయి.

నాకు పెళ్ళి చేశారు. ఆ ముచ్చట ఇక్కడ అక్కర్లేదు. కొన్నేళ్ళకు అన్నకి నెల్లూరునుంచి ఒక సంబంధం వచ్చింది. తెచ్చింది ఎవరో కాదు, మా సారే. పిల్ల తండ్రి ఆయన ఉండే వీధివాడు, ఏదో ఆఫీసులో పని. వాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తున్నారని నన్ను అత్తగారింటినుంచి పిలిపించారు. పిల్ల తండ్రి, మేనత్త, వాళ్ళతో సారు బండి దిగారు. సారుకి జుట్టు పల్చబడింది. నన్ను చూసి, "బాగున్నావా అమ్మా" అన్నాడు, ఎవరినైనా అడిగినట్టే.

హాల్లో చాపలు పరిచి అందరూ కూర్చున్నారు. నేను అరటిపళ్ళ పళ్ళెంతో గుమ్మం దగ్గర నిలబడ్డాను. పిల్ల తండ్రి పొలం గురించి పెద్దగా అడగలేదు. "అబ్బాయి ఎస్సెల్సీ తప్పినాడంట గదా" అని అడిగాడు. పరీక్షలప్పుడు జ్వరం తగిలిందని నాయన ఏదో చెప్పబోతుంటే, సారు చెయ్యి ఎత్తి ఆపాడు.

"తెలివికి నాది పూచీ. నా దగ్గర చదువుకున్న పిల్లవాడు. ఎనిమిదో తరగతిలో లెక్కల్లో ఎనభై నాలుగు, స్కూలుకే ఫస్టు. నా చేత్తో నేను వేసిన మార్కులు."

నేను ఆయన మొహం వెతికాను. ఒక్క రెప్పపాటు నావైపు చూసి తప్పించుకుంటాడేమోనని, గొంతు కాస్త తడబడుతుందేమోనని. అదేమీ లేదు. ఆయన నిజమే చెబుతున్నాడు. మార్చిన మనిషి మార్చిన సంగతే మర్చిపోయాడు. అబద్ధమాడి ఉంటే ఆ రోజు ఆయన్ని వదిలేసేదాన్నేమో. నాకంటూ ఉన్న ఆ ఒక్క అంకె ఆయన తలలో కూడా అన్నదైపోయింది.

"ఆ మార్కులు నావి" అన్నాను.

హాలు ఒక్క క్షణం ఆగి, గొల్లుమంది.

"అమ్మో, ఆడబిడ్డ అప్పుడే మొదలుపెట్టింది ఎత్తిపొడుపులు! మా పిల్ల ఈమెతో ఎట్టా ఏగుద్దో" అంది మేనత్త, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"వేళాకోళం కాదు. నావే. మా నాయన మార్పించినాడు" అన్నాను మళ్ళీ, ఈసారి గట్టిగా.

ఇంకా నవ్వారు. సారు కూడా తల ఊపుతూ నవ్వాడు. అందరికంటే పెద్దగా నవ్వింది నాయన. "అది చిన్నప్పటినుంచీ అంతేనమ్మా. అన్నంటే ప్రాణం దానికి" అన్నాడు. ఆడబిడ్డ నోటికి ఎంత హద్దు లేకపోయినా చెల్లుతుంది కదా, నా నిజం కూడా ఆ లెక్కలోనే చెల్లిపోయింది. నవ్వనిది అన్న ఒక్కడే. చాప అంచు పీచు లాగుతూ తలొంచుకుని కూర్చున్నాడు. వాడు ఒక్క మాట అంటే చాలు. అనలేదు.

వెనకనుంచి అమ్మ నా భుజం తట్టింది. నా చేతిలో పళ్ళెం తీసుకుని, ఒక గ్లాసు పెట్టింది. వెచ్చటి పాలు, మీద మీగడ.

"సారు కాఫీ తాగడమ్మా. పోయి ఇచ్చిరా, చల్లారిపోతాయి."

గ్లాసు పట్టుకుని సారు ముందుకు నడిచాను. ఆయన నవ్వుతూనే చెయ్యి చాచాడు. ఆ చెయ్యి ముందు నిలబడి, అందరూ చూస్తుండగా, ఆ పాలు నేనే తాగాను. అడుగున మిగిలిన చుక్కతో సహా తాగి, ఖాళీ గ్లాసు ఆయన చేతిలో పెట్టాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు.