రేడియో గుమ్మిలో దాక్కున్న మిరుగం

ఇవాళ మిరుగం; మృగశిర కార్తె మొదలైన రోజు చేప తినాలని పొద్దున్నే లింగంపల్లి నుంచి కొర్రమీను తెచ్చి, చింతపండు పిసికి, మెంతిపొడి చల్లి పులుసు పెట్టాను; తెల్లాపూర్‌లోని ఈ ఫ్లాటంతా ఆ వాసనే గానీ తినేవాళ్లు లేరు. ఏడో నెల కడుపుతో ఉన్న నా బిడ్డ స్రవంతి, ఎక్కడో పరాయి దేశంలో అణువిద్యుత్ కేంద్రం పేలిందని టీవీలు మొత్తుకోవడం మొదలైనప్పటి నుంచి చేప ముట్టదు, పాలు తాగదు, ఆకుకూర చూస్తేనే జంకుతుంది. అంత దూరం నుంచి ఇక్కడికేమీ రాదని, తిండి లేకే లోపలి బిడ్డ ఎదగడం లేదని డాక్టరమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. ఎవరు వింటారు?

నా చిన్నప్పుడు మాదాపూర్ అంటే పెద్ద పెద్ద రాతి గుండ్లు, సీతాఫలం చెట్లు, వాటి నడుమ మా పెంకుటిల్లు. మిరుగం వచ్చిందంటే తొలివానకు తడిసిన మట్టి, అందులో ఎర్రటి ఆరుద్ర పురుగుల కోసం మా వెతుకులాట, పొయ్యి మీద ఉడికే చేపలు, చేపలు తినని పక్కింటివాళ్లు మా చేతుల్లో పెట్టే ఇంగువ బెల్లం ఉండలు, అన్నీ ఒక్కసారే మీద పడేవి. అట్లాంటి ఒక మిరుగానికి ముందు కూడా దూరదేశంలో ఇట్లాగే ఏదో పేలింది. రేడియో పొద్దస్తమానం రేడియేషన్, రేడియేషన్ అంటుంటే, నెలలు నిండిన మా చిన్నమ్మ వానలో విషముందని బెదిరి అన్నం మానేసింది. మా నాయనమ్మకు మాత్రం ఆ మాట తనకు తోచినట్టే అర్థమైంది. అది రేడియోలోంచి వచ్చే రోగం.

"ఇంట్ల కడుపుతోటి పిల్లను పెట్టుకొని దీన్ని మోగిస్తరా? సిగ్గు లేదా మీకు?" అని చిన్నాయన మీద లేచి, రేడియోను గొంగడిలో చుట్టి గుమ్మిలో వడ్ల కింద పూడ్చేసింది.

"అది వేరే, ఇది వేరే అమ్మా" అని ఆయన నవ్వాడు.

"పేరొక్కటే గద. నువ్వు జర ఊకో." చిన్నమ్మ వైపు తిరిగి, "రోగం గుమ్మిల వడ్డది. ఇగ తిను బిడ్డా" అంది.

చిన్నమ్మకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే కంచం ముందు కూర్చుని, పులుసు రెండోసారి అడిగి మరీ పోయించుకుంది. ఆ కార్తె పోయేదాకా మా ఇంట్లో లోకం సంగతి ఎవరికీ తెలియలేదు, ఎవరికీ అక్కర పడలేదు.

ఆ గుండ్లను పగలగొట్టి అద్దాల ఆఫీసులు కట్టారు. చిన్నమ్మ లేదు, నాయనమ్మ లేదు, ఒక్క కసురుతో ఇల్లంతటినీ ఊరుకోబెట్టే మనిషే లేదు. నేనా, చదువుకున్నదాన్ని; చానెల్ తర్వాత చానెల్ మార్చి అన్నీ వింటాను, విన్నకొద్దీ నాకూ భయమే. మధ్యాహ్నం స్రవంతి పక్కన కూర్చుని ముద్ద కలిపాను.

"ఏం కాదు బిడ్డా, తిను."

అది ఫోన్ మీంచి తలెత్తి నా ముఖంలోకి చూసింది.

"మరి నువ్వెందుకు తింటలేవమ్మా?"

ఆ ముద్ద నా నోట్లో పెట్టుకుందామనుకున్నాను. చెయ్యి లేవలేదు.